వాంతి ఉన్నంత మాత్రాన గ్యాస్ట్రో అయిపోదు: పిల్లల అత్యవసర ఓపీలో జబ్బు ఎక్కడ చేజారుతుంది?

వానలు మొదలయ్యాక విశాఖలో సాయంత్రం ఏడు దాటితే ఏ పిల్లల క్లినిక్ చూసినా ఒకటే తీరు. గాజువాక, మధురవాడ, పెందుర్తి, ఎక్కడైనా సరే వరండా నిండా తల్లులు, ఒళ్ళో జ్వరం పిల్లలు. వాళ్ళలో ఎక్కువ మందికి ఉన్నది మూడు నాలుగు రోజుల్లో దానంతటదే తగ్గిపోయే జలుబో జ్వరమో. ఆ వరసలోనే ఎప్పుడో ఒక బిడ్డ వస్తుంది. జ్వరం అందరిలాంటిదే, వాంతి అందరిలాంటిదే, నీరసమూ అంతే. లోపల జరుగుతున్నది మాత్రం వేరు. ఆ బిడ్డకూ అదే సిరప్ రాసి పంపిస్తే తెల్లవారుజామున ఆటోలో క్యాజువాలిటీకి వస్తుంది.

ఇలా జరిగినప్పుడు డాక్టరుకు ఆ జబ్బు తెలియలేదనుకుంటారు. కానీ అపెండిక్స్ గురించో షుగరు గురించో తెలియని డాక్టరు ఉండరు. చిక్కు ఏమిటంటే, పెద్ద జబ్బులు మొదటి కొన్ని గంటలూ చిన్న జబ్బుల్లాగే ఉంటాయి. జబ్బు ఒకటిన్నర రోజు నడిస్తే డాక్టరుకు కనిపించేది అందులో ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాల్లో పెట్టిన పేరు చీటీ మీద పడగానే గట్టిపడిపోతుంది. ఆర్‌ఎంపీ దగ్గర ‘గ్యాస్’ అన్నది క్లినిక్‌లో ‘గ్యాస్ట్రో’ (వాంతులు, విరేచనాల జబ్బు) అవుతుంది. క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు పాత చీటీ చూసి అదే ఎక్కిస్తారు. మూడు చోట్లా ఒకే మాట వినేసరికి తల్లిదండ్రులకు గురి కుదురుతుంది. నిజానికి ఆలోచించింది మొదటివారొక్కరే.

కాబట్టి అత్యవసర ఓపీలో పెట్టే ప్రతి పేరూ తాత్కాలికమని ముందే ఒప్పుకోవాలి. ఏం కనిపిస్తే ఆ పేరు తప్పని తేలుతుందో, దాన్ని ఎన్ని గంటల్లో చూసుకోవాలో ఆ పేరు పక్కనే రాయాలి. ఇక్కడ చెప్పేదంతా ఈ ఒక్క అలవాటు చుట్టూ తిరుగుతుంది.

విరేచనం లేని వాంతి

అన్నిటికంటే ఎక్కువ జబ్బులు దాక్కునేది ఇక్కడే. సంభాషణ ఇలా సాగుతుంది.

“రాత్రి నుంచి ఏడెనిమిదిసార్లు కక్కేశాడండి, కడుపు నొప్పంటున్నాడు.”

“విరేచనాలు ఎన్నయ్యాయమ్మా?”

“విరేచనం లేదండి.”

ఈ జవాబు దగ్గర కలం ఆగాలి. గ్యాస్ట్రో అంటే పేగుకు సోకిన ఇన్ఫెక్షన్. మొదటి కొన్ని గంటలు వాంతులే ఉండి, తర్వాత విరేచనాలు పట్టుకోవడం మామూలే. కానీ పన్నెండు గంటలు దాటినా విరేచనమే లేకపోతే ‘గ్యాస్ట్రో’ అని కాకుండా ‘వాంతులు, కారణం తేలలేదు’ అని రాయడం మంచిది. ఆ మూడు మాటలే తర్వాత చూసే డాక్టరును మళ్ళీ ఆలోచింపజేస్తాయి. ఒండాన్సెట్రాన్ వేస్తే వాంతి ఆగుతుంది, కారణం మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. వాంతి ఆగిందని సంతోషించి పంపించే ముందు కింది జబ్బుల్ని ఒక్కొక్కటే తోసెయ్యాలి, అంటే కాదని తేల్చుకోవాలి.

మొదటిది షుగరు. పిల్లల్లో వచ్చే టైప్ 1 డయాబెటిస్ చాలామందిలో బయటపడేదే వాంతులు, కడుపునొప్పి, ఆయాసంతో. రక్తంలో ఆమ్లం పెరిగితే దాన్ని వదిలించుకోవడానికి ఒళ్ళు గట్టిగా, లోతుగా, ఆగకుండా ఊపిరి తీస్తుంది. చూసేవాళ్ళకు అది ఆస్తమానో న్యుమోనియానో అనిపించి నెబులైజర్ పెడతారు. ఇక్కడ ఆగి చెవి పెట్టి వినండి. పిల్లికూతలు ఉండవు, ఛాతీ శుభ్రంగా ఉంటుంది, ఆక్సిజన్ 98 చూపిస్తుంది. ఊపిరితిత్తులు బాగుండి ఆయాసం ఉందంటే తప్పు రక్తంలో ఉందేమో చూడాలి. తల్లిని అడగాల్సినవి ఇవి: మానేసిన పిల్లాడు మళ్ళీ పక్క తడుపుతున్నాడా? అర్ధరాత్రి లేచి నీళ్ళు అడుగుతున్నాడా? నిక్కర్లు వదులయ్యాయా? మూత్రం పోసిన చోట చీమలు పడుతున్నాయా? తర్వాత వేలి మీద ఒక్క సూదిపోటు. గ్లూకోమీటరుకు పట్టేది నిమిషం లోపే. ఈ లక్షణాలుండి షుగరు 200 దాటితే అది డయాబెటిసే. రేపు పొద్దున ల్యాబులో చూద్దామనుకోకుండా ఆ రాత్రే పంపాలి.

పరీక్ష చెయ్యకుండా ‘నీరసంగా ఉన్నాడు, గ్లూకోజు ఎక్కిద్దాం’ అనడం ఇక్కడ నిజమైన ప్రమాదం. ఆ సీసాలో ఉన్నది చక్కెరే. ఈ పిల్లలకు సెలైన్ కూడా బరువును బట్టి లెక్కకట్టి పెట్టాలి. దాదాపు గంటసేపు సెలైన్ పోయాకే ఇన్సులిన్ మొదలుపెట్టాలి. లెక్క తప్పితే మెదడు వాచే ముప్పుంది. వాంతులతో డీలాపడిన ఏ పిల్లకైనా సూది కోసం నరం వెతికే ముందు ఒక చుక్క షుగరు చూడటం మానకూడదు. షుగరు బాగా పడిపోయి ఉన్నా ఆ చుక్కే చెబుతుంది.

రెండోది అపెండిక్స్. నొప్పి ముందా, వాంతి ముందా అని అడగండి. గ్యాస్ట్రోలో మామూలుగా వాంతి ముందొస్తుంది. అపెండిక్స్‌లో నొప్పి బొడ్డు చుట్టూ మొదలై, ఆ తర్వాత వాంతి, ఆకలి చచ్చిపోవడం, కొన్ని గంటలకు నొప్పి కుడివైపు కిందికి దిగడం. ఐదేళ్ళలోపు పిల్లలు ఇంత వరసగా చెప్పలేరు. అందుకే ఆ వయసులో చాలామందికి తేలేసరికే అపెండిక్స్ పగిలి ఉంటుంది. అది కటి భాగంలోకి వేలాడి పేగును రాసుకుంటుంటే కొద్ది కొద్దిగా జిగురు విరేచనాలు కూడా అవుతాయి. ఆ రెండు విరేచనాలు చూసి గ్యాస్ట్రో రాయడం తరచుగా జరిగే పొరపాటు. పిల్లాడిని మంచం దింపి గెంతమనండి. గెంతి నవ్వితే కొంత ధైర్యం. గెంతనని మొండికేసినా, వంగి పొట్ట పట్టుకుని నడిచినా సర్జన్ చూడాలి. స్కానింగ్ రిపోర్టులో ఒక వాక్యాన్ని జాగ్రత్తగా చదవాలి. ‘అపెండిక్స్ కనిపించలేదు’ అన్న మాటకు ‘అపెండిక్స్ బాగుంది’ అని అర్థం కాదు. పేగుల్లో గాలి అడ్డొస్తే అది కనిపించదు, అంతే.

ఏడాదిలోపు బిడ్డల్లో, ముఖ్యంగా 5 నుంచి 9 నెలల వయసులో, పేగులోకి పేగు దూరే జబ్బును గుర్తుపెట్టుకోవాలి. మూడేళ్ళ వరకూ వస్తుంది. పదిహేను ఇరవై నిమిషాలకోసారి కాళ్ళు పొట్టలోకి ముడుచుకుని గుక్కపట్టి ఏడుస్తుంది. తర్వాత పాలిపోయి, వాడిపోయి పడుకుంటుంది. మధ్యలో చూసిన డాక్టరుకు బాగానే ఉన్నట్టుంటుంది. ఇలాంటప్పుడు బిడ్డను ఓ అరగంట క్లినిక్‌లోనే ఉంచుకోవడం మంచి పరీక్ష, నొప్పి మళ్ళీ వస్తే కళ్ళారా చూడొచ్చు. ఎర్రటి జెల్లీలాంటి విరేచనం పుస్తకాల్లో ప్రసిద్ధి, కానీ అది ఆలస్యంగా వస్తుంది. దానికోసం ఎదురు చూడటమంటే పేగు చచ్చిపోయేదాకా ఆగడం. స్కానింగ్‌లో తేలితే చాలామందికి మలద్వారం ద్వారా గాలో సెలైనో ఎక్కించి ఆపరేషన్ లేకుండానే సరిచేస్తారు.

నెలల బిడ్డ పచ్చటి పసరు కక్కితే పేగు మెలిపడిందనే అనుకోవాలి. అది కాదని తేలేదాకా బిడ్డ సర్జన్ ఉన్న ఆసుపత్రిలోనే ఉండాలి.

మగపిల్లాడు పొత్తికడుపు నొప్పంటే డ్రాయరు విప్పి చూడాలి. వృషణం మెలితిరిగిన పన్నెండేళ్ళ కుర్రాడు సిగ్గుతో ‘కడుపు నొప్పి’ అనే చెబుతాడు. దాన్ని కాపాడుకోవడానికి ఉన్నది సుమారు ఆరు గంటలు. రక్తప్రసరణ చూసే డాప్లర్ స్కానింగ్ కోసం ఆ గంటలు ఖర్చుచెయ్యకూడదు.

ఇక ఉత్తరాంధ్రలో మరచిపోకూడనిది కట్లపాము. రాత్రి నేల మీద పడుకున్న పిల్ల తెల్లారగట్ల కడుపునొప్పితో, వాంతులతో లేస్తుంది. కాటు గుర్తు కనబడదు, వాపు ఉండదు, పాముని ఎవరూ చూడలేదు. కాసేపటికి రెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, గుటక పడదు. ‘నిద్రమత్తు’ అనుకుంటే ఊపిరి ఆగిపోతుంది. పిల్లను పైకి చూడమని, రెప్పలు ఎత్తి ఉంచగలుగుతుందా లేదా చూడండి. కట్లపాము విషం దెబ్బతీసేది నరాల్ని, రక్తాన్ని కాదు. కాబట్టి ఇరవై నిమిషాల్లో రక్తం గడ్డకట్టే పరీక్ష నార్మల్‌గానే వస్తుంది, దాన్ని నమ్ముకుని పాముకాటు కాదనుకోకూడదు. పాము విషానికి విరుగుడు మందు పిల్లలకైనా పెద్దలకు ఇచ్చినంతే ఇవ్వాలి, ఎందుకంటే పాము పిల్లలకని విషం తగ్గించదు.

చివరగా గుండె కండరం వాపు. అరుదే. కానీ చేజారితే తిరిగి దొరకదు. జలుబు జ్వరం తర్వాత వాంతులు, డొక్కలో నొప్పి, ఆయాసం. దీన్ని పట్టిచ్చేది నాడి. జ్వరం ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే గుండె నిమిషానికి పదిసార్లు ఎక్కువ కొట్టుకోవడం సహజం. మూడేళ్ళ పిల్ల ఏడుపు మానాక, జ్వరం తగ్గాక కూడా 180 కొట్టుకుంటుంటే దానికి జ్వరం లెక్క సరిపోదు. కుడి డొక్క కింద కాలేయం చేతికి తగులుతుందేమో చూడాలి. ఈ పిల్లకు నీరు తగ్గిందనుకుని గబగబా సెలైన్ ఎక్కిస్తే పరిస్థితి ఇంకా చెడుతుంది.

ముట్టుకోకముందు అర నిమిషం

బిడ్డ తల్లి ఒళ్ళో ఉండగానే, స్టెతస్కోపు తియ్యకముందే మూడు చూడాలి. తల్లిని, బొమ్మను, వెలుతురును చూస్తోందా, లేక కళ్ళు తేలేసిందా. ఊపిరికి డొక్కలు లోపలికి పోతున్నాయా, ముక్కుపుటాలు ఎగురుతున్నాయా, ప్రతి ఊపిరికీ మూలుగుతోందా. చర్మం పాలిపోయి మచ్చలు మచ్చలుగా ఉందా. ఈ మూడూ బాగుంటే కాస్త సమయం ఉన్నట్టు. ఏ ఒక్కటి చెడినా పేరు వెతకడం తర్వాత, ముందు ఆక్సిజన్, ఆసుపత్రి.

ఊపిరి లెక్కపెట్టడం అందరికీ తెలిసిన పనే, అందుకే ఎవరూ చెయ్యరు. చొక్కా పైకెత్తి, బిడ్డ నెమ్మదిగా ఉన్నప్పుడు, వీలైతే పాలు తాగి నిద్రపోతున్నప్పుడు, గడియారం చూస్తూ పూర్తిగా 60 సెకన్లు లెక్కపెట్టాలి. పసిపిల్లలు కొన్ని సెకన్లు గబగబా, కొన్ని సెకన్లు మెల్లగా తీస్తారు కాబట్టి పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చిస్తే తప్పు లెక్క వస్తుంది. రెండు నెలల్లోపు 60, రెండు నెలల నుంచి ఏడాది వరకు 50, ఏడాది నుంచి ఐదేళ్ళ వరకు 40. ఇవి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన హద్దులు. ఆ అంకె గాని అంతకన్నా ఎక్కువ గాని ఉంటే వేగమే. జ్వరం 103 ఉన్నప్పుడు లెక్క ఎక్కువొస్తే పారాసెటమాల్ వేసి, గంట తర్వాత మళ్ళీ లెక్కపెట్టాలి. జ్వరం దిగినా ఊపిరి దిగకపోతే ఊరుకోకూడదు.

రొమ్ము ఎముక మీద వేలితో ఐదు సెకన్లు నొక్కి వదలండి. తెల్లబడిన చోట రెండు సెకన్లలో రంగు తిరిగి రావాలి. మూడు దాటితే రక్తప్రసరణ తగ్గుతోంది. బీపీ బాగుందని తృప్తిపడకూడదు. పిల్లల్లో బీపీ చివరిదాకా నిలబడి, పడితే ఒక్కసారిగా పడుతుంది. ఆక్సిజన్ క్లిప్పులోనూ మోసం ఉంది. పెద్దవాళ్ళ క్లిప్పు చంటిబిడ్డ వేలికి వదులుగా ఉంటుంది, కాళ్ళు చల్లబడితే అంకె తప్పుతుంది. తెర మీద నాడి అంకె, చెవితో విన్న గుండె లెక్క ఒకటైతేనే ఆ ఆక్సిజన్ అంకెను నమ్మాలి.

బట్టలన్నీ విప్పి చూడటానికి రద్దీలో సమయం దొరకదు. కానీ చర్మం చెప్పే సంగతులు ఎక్కువ. నొక్కితే పోని ఎర్రచుక్కలు మన ఒంటి రంగు మీద పొట్ట దగ్గర కనబడకపోవచ్చు. అరచేతులు, అరికాళ్ళు, కింది రెప్ప లోపలివైపు, అంగిలి చూడాలి. చంకలో, గజ్జల్లో, చెవి వెనక సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పొక్కు ఉంటే చిన్న పురుగు కాటుతో సోకే స్క్రబ్ టైఫస్ జ్వరం. దానికి డాక్సీసైక్లిన్ పడాలి, మామూలు యాంటీబయాటిక్‌లకు ఆ జ్వరం లొంగదు. ఐదు రోజుల జ్వరం, పుసి లేని ఎర్రకళ్ళు, పగిలిన పెదాలు ఉంటే ఎడమ భుజం చూడండి. బీసీజీ మచ్చ ఎర్రగా ఉబ్బితే రక్తనాళాలు వాచే కవాసాకి జబ్బును అనుమానించాలి. దానికి మందు పది రోజుల్లోపు పడితే గుండె రక్తనాళాలు దెబ్బతినే ముప్పు బాగా తగ్గుతుంది. ఇంకా పాకడం రాని పసిబిడ్డ ఒంటి మీద కమిలిన మచ్చలుంటే ‘పడిపోయింది’ అన్న మాట సరిపోదు. ఆ సంగతి అడగడం కష్టమే అయినా అడిగి తీరాలి.

జ్వరానికి రోజులు లెక్కపెట్టాలి

మూడు నెలల్లోపు బిడ్డకు 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ గాని అంతకంటే ఎక్కువ గాని జ్వరముంటే, ఎంత బాగా కనిపించినా రక్తం, మూత్రం పరీక్షలు అవసరం. ఆ వయసులో ఒళ్ళు చల్లబడటం, పాలు మానెయ్యడం కూడా జ్వరమంత ప్రమాదమే. మెదడు పొరలకు ఇన్ఫెక్షన్ సోకినా చంటిబిడ్డ మెడ బిగుసుకోకపోవచ్చు. మాడు ఉబ్బిందేమో, ఎత్తుకుంటే ఊరుకోకుండా ఇంకా ఏడుస్తుందేమో చూడాలి.

జలుబు లేదు, దగ్గు లేదు, జ్వరం మాత్రం ఉంది. రెండేళ్ళలోపు ఇలాంటి పిల్లల్లో, ముఖ్యంగా ఆడపిల్లల్లో, మూత్రం ఇన్ఫెక్షన్ తరచుగా తప్పిపోతుంది. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే మూత్రం తియ్యాలి. అంటించే సంచిలో పట్టిన మూత్రం చర్మం మీది క్రిములతో కలిసిపోతుంది, క్రిమిని పెంచి చూసే కల్చర్ పరీక్షకు పనికిరాదు. బిడ్డకు నీళ్ళో పాలో పట్టి, బొడ్డు కింద చల్లటి తడి గాజుగుడ్డతో మెల్లగా రుద్దుతూ ఉంటే కాసేపట్లో పోస్తుంది. అప్పుడు మధ్య ధార పట్టాలి.

డెంగీలో అందరి చూపూ ప్లేట్‌లెట్ల మీదే ఉంటుంది. ముప్పు మాత్రం సాధారణంగా మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య, జ్వరం దిగే వేళ వస్తుంది. ‘జ్వరం తగ్గిందండి, కానీ పడుకునే ఉంటోంది’ అన్న మాట వినగానే లేచి నిలబడాలి. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, మూత్రం తగ్గడం, చేతులు చల్లబడటం ఉంటే రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారుతోందన్నమాట. హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల పాలు) 20 శాతం పెరగడం దానికి గుర్తు. రెండో రోజు తీసిన రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు బాగున్నాయంటే దానికి విలువ తక్కువ. డెంగీని పట్టే రక్తపరీక్షల్లో ఎన్ఎస్1 మొదటి ఐదు రోజుల్లో, ఐజీఎం ఆ తర్వాత. అనుమానం ఉన్నన్ని రోజులూ ఐబుప్రొఫెన్ వద్దు. పాడేరు, అరకు వైపు వెళ్ళొచ్చిన పిల్లకైతే మలేరియా కూడా చూడాలి. ఒకసారి నెగెటివ్ వస్తే చాలదు, పన్నెండు నుంచి ఇరవైనాలుగు గంటల్లో మళ్ళీ తియ్యాలి.

ఆర్‌ఎంపీ దగ్గర వేయించిన సూది గురించి తప్పకుండా అడగాలి. అందులో స్టెరాయిడ్ ఉంటే జ్వరం చప్పున దిగి, పిల్ల ఒక పూట ఆడుకుంటుంది. ఆ పూటే డాక్టరు చూస్తే మోసపోతారు. పారాసెటమాల్ ఎంత వేశారన్నది కూడా మిల్లీలీటర్లలో కాదు, సీసా చూసి లెక్కపెట్టాలి. పది కిలోల బిడ్డకు ఒక మోతాదు సుమారు 150 మిల్లీగ్రాములు. 5 మి.లీ.లో 125 ఉన్న సిరప్ అయితే 6 మి.లీ., 250 ఉన్నదైతే 3 మి.లీ., మి.లీ.కి 100 ఉన్న చుక్కల మందయితే ఒకటిన్నర. సీసా మారి కొలత మారకపోతే జ్వరం తగ్గకపోవడమో, కాలేయం దెబ్బతినడమో జరుగుతుంది.

గొంతులో ఇరుక్కున్నవి

ఆడుకుంటూ ఉక్కిరిబిక్కిరై, తర్వాత మామూలయిన పిల్లకు ఒకవైపే పిల్లికూతలుంటే వేరుశనగ గింజ శ్వాసనాళంలో ఉండొచ్చు. ఎక్స్‌రేలో గింజ కనబడదు, ఎక్స్‌రే బాగుందని వదలకూడదు. రిమోట్‌లోనో బొమ్మలోనో ఉండే బిళ్ళ బ్యాటరీ అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే కాల్చేస్తుంది. చొంగ, దగ్గు, అన్నం మింగకపోవడం తప్ప ఇంకేమీ ఉండకపోవచ్చు. ఎక్స్‌రేలో నాణెంలా కనిపించినదానికి అంచున రెండో గీత ఉందా అని వెలుతురుకు పెట్టి చూడాలి. ఉంటే బ్యాటరీ. మింగి పన్నెండు గంటలు దాటకుండా, ఏడాది దాటిన పిల్ల మింగగలుగుతుంటే, ఆసుపత్రికి వెళ్ళే దారిలో పది నిమిషాలకోసారి రెండు చెంచాల తేనె, గరిష్ఠంగా ఆరుసార్లు ఇవ్వచ్చు. తేనె కోసం బయల్దేరడం మాత్రం ఆలస్యం చెయ్యకూడదు.

చీటీలో ఉండాల్సిన రెండు వాక్యాలు

‘తగ్గకపోతే రండి’ అంటే తల్లికి ఏమీ చెప్పనట్టే. ఎంత తగ్గకపోతే? ఎప్పటికి? ఇలా రాయాలి: “ప్రస్తుతానికి గ్యాస్ట్రో అనుకుంటున్నాం. రేపు ఉదయం ఎనిమిదిలోగా విరేచనాలు మొదలవకుండా నొప్పి ఉంటే, పచ్చగా కక్కితే, ఎనిమిది గంటలపాటు మూత్రం పోయకపోతే, లేపినా కళ్ళు తెరవకపోతే రాత్రయినా ఆగకుండా రండి.” తెలుగులో, పెద్ద అక్షరాలతో. తర్వాత ఆమె చేతే తిరిగి చెప్పించాలి. రాత్రి క్లినిక్ మూసుంటే ఎక్కడికి వెళ్ళాలో, 108కి ఎప్పుడు ఫోన్ చెయ్యాలో కూడా అందులోనే ఉండాలి.

రెండోసారి, మూడోసారి వచ్చిన పిల్లను కొత్త పిల్లలాగే చూడాలి. పాత చీటీ పక్కన పెట్టి, కథ మొదటి నుంచి అడిగి, బరువు మళ్ళీ తూచి, బట్టలు విప్పి చూశాకే పాత చీటీ తెరవాలి. “వాడు వాడిలా లేడండి” అని అమ్మమ్మ అంటే దాన్నీ ఒక లక్షణంగా కేసు షీటులో ఎక్కించాలి. రోజంతా బిడ్డను చూసిన కళ్ళు ఆమెవే.

విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రికో (కేజీహెచ్) మరో పెద్దాసుపత్రికో పంపేటప్పుడు రాసే ఉత్తరంలో జబ్బు పేరు కంటే అంకెలు ముందుండాలి. బరువు, నాడి, ఊపిరి, ఆక్సిజన్, షుగరు, ఒక్కోదానికి చూసిన గంట. ఇచ్చిన మందు, మోతాదు, వేసిన సమయం. చివరిసారి మూత్రం ఎప్పుడు పోసింది, చివరిసారి ఏం తిన్నది. ఏమనుకున్నారో రాసి, ఏది తోసెయ్యలేకపోయారో దాని కిందే రాసి, క్యాజువాలిటీ డ్యూటీ డాక్టరుకు ఫోన్ చేసి చెప్పాక బండి కదలాలి.